శేషాచలం: రాతిని నమ్ముకున్న అడవి

సమన్వయకర్త: నమస్కారం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో ఉన్న శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అడవుల పరిశీలనలో తలపండిన మా అతిథి ఈనాటి భాగంలో మనతో ఉన్నారు. సార్, తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్ళేవారు ముందుగా దేనిని గమనించాలంటారు?

అతిథి: రాతిని గమనించాలండీ. రోడ్డు కోసం కొండను తొలిచిన ఒకచోట, అడుగున గ్రానైటు జాతి శిల, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ శిల, అంటే ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి, కనిపిస్తాయి. ఈ రెండింటి నడుమ దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉందని భూవిజ్ఞానులు లెక్కగట్టారు. పైనున్న రాయి ఎంత గట్టిదో అంతగా బీటలు వారింది. వాననీరు ఆ బీటల్లోకి ఇంకి, లోయల్లో జాలుగా పైకి వస్తుంది. మనం తీర్థాలని మొక్కే చోట్లు చాలావరకు ఇలాంటివే.

సమన్వయకర్త: బంగారు బల్లి ఉండేది కూడా అక్కడేనా?

అతిథి: అవును. తడి ఆరని బండల పగుళ్ళే దాని నివాసం. అనేక బల్లులు ఒకేచోట చేరి, రాతి గోడకు గుడ్లను గుంపుగా అతికిస్తాయి. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ 1870లో వర్ణించిన ఈ జీవి చాలాకాలం ఎవరి కంటా పడక, 1980లలో తిరుమల కొండల్లో మళ్ళీ దొరికింది. తరువాత తూర్పు కనుమల్లో వేరే చోట్లా కనిపించిందనుకోండి.

సమన్వయకర్త: మరి ఎర్రచందనం?

అతిథి: ఈ కొండలూ, పక్కనున్న పాలకొండలు, లంకమల, వెలిగొండలే దానికి ప్రధానమైన పుట్టిల్లు. మొసలి వీపులా పలకలుగా పగిలిన బెరడును బట్టి చెట్టును దూరం నుంచే పోల్చుకోవచ్చు. పేరులో చందనం ఉన్నా శ్రీగంధంలా పరిమళించదు; దాని విలువంతా ఎర్రని చేవలోనే, అంటే మాను నడిమి గట్టి కలపలోనే ఉంది, దొంగల గొడ్డలి వెతికేదీ ఆ చేవనే. మట్టి పలచగా, రాయి మెండుగా ఉన్న వాలుల్లో నిదానంగా పెరిగే చెట్టుకు చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి.

సమన్వయకర్త: పొలాల్లో పెంచితే అడవి మీద ఒత్తిడి తగ్గదా?

అతిథి: రైతులు పెంచుతూనే ఉన్నారు, అది మంచిదే. అయితే నీరూ ఎరువూ పుష్కలంగా అందుకుని త్వరగా లావెక్కిన మానులో చేవ అదే వేగంతో పెరగదు కాబట్టి, నరికేవాడి చూపు ఇంకా కొన్నేళ్ళపాటు కొండ మీదనే ఉంటుందని నా అంచనా.