ఉప్పుటేట్లో ఒక మావు
(నవంబరు 21, ప్రపంచ మత్స్యకార దినోత్సవం నాడు ఒడిశాలోని గంజాం జిల్లాలో, బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గరి జాలరి పల్లెలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కింద ఇసుకలో కూర్చున్న అమ్మలకు, అక్కలకు, తమ్ముళ్లకు, పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, దండ వేశారు, సంతోషం. పేరుపేరునా అందరికీ చెప్పుకోవాలి గానీ, తెల్లారితే మీకు వల పని ఉంది. పథకాల గురించి నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నేను మన ఉప్పుటేటి గురించి చెప్పుకోవడానికి వచ్చాను. నేను చెప్పే దానికి సంబంధించిన వస్తువు ఒకటి బయట ఆటోలో ఉంది. చివర్లో దింపుదాం.

మన బాహుదా గజపతి జిల్లా కొండల్లో పుట్టి, ఆంధ్రాలోకి వెళ్లి ఇచ్ఛాపురాన్ని పలకరించి, మళ్లీ ఒడిశాలోకొచ్చి సునాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనమూ అంతే కదా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇక్కడి పిల్లల్ని చేప పేరు అడిగితే ఖయింగా అంటారు, కత్తిపరిగె అంటే మొహమొహాలు చూసుకుంటారు. భేక్టి తెలుసు, పండుగప్ప తెలీదు. దానికి నాకు బాధ ఉంది. ఆ మాట తర్వాత, ముందు చేప ఉండాలి కదా పేరు పెట్టి పిలవడానికి.

మా తాత మావులు, అంటే చేపలు పట్టే వెదురు బుట్టలు, అల్లేవాడు. వెదురు బద్దలు ఏట్లో నానేసి, చీల్చి, కొబ్బరి తాడుతో కట్టేవాడు. మూతి దగ్గర బద్దలు లోపలికి వంగి ఉంటాయి, చేప దూరుతుంది, తిరిగి రాలేదు. అల్లడం అయ్యాక బద్దకీ బద్దకీ మధ్య చిటికెన వేలు పెట్టి చూసేవాడు. వేలు దూరకపోతే ఆ వరస మొత్తం విప్పేసేవాడు. "పిల్ల పోవాలిరా" అనేవాడు. ఏటికి దడి కట్టినా ఒక పక్క మనిషి నడిచేంత దారి వదిలేవాడు. అమావాస్య పోటుకి ఆ దారంట చేపపిల్ల గుంపులుగా ఎక్కుతుంటే నీళ్లు చినుకులు పడ్డట్టు చిటపటలాడేవి. నేను ఒడ్డున కూర్చుని విన్నాను ఆ చప్పుడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఉద్యోగం రాకముందు, డిగ్రీ అయి ఖాళీగా ఉన్న రోజుల్లో, రొయ్యల చెరువులకు టైగర్ పిల్లలు కావాలని బేరగాళ్లు వచ్చేవారు. లెక్కకి ఇంత అని డబ్బు. మేమంతా దోమతెరలు పట్టుకుని ఏట్లోకి దిగాం. తెల్ల పింగాణీ పళ్లెంలో నీళ్లు పోసి తెరలో పడ్డదంతా వంచేవాళ్లం. టైగర్ పిల్ల సూదంత ఉంటుంది, ఒంటి పొడవునా ఎర్రటి గీత. ఆల్చిప్పతో దాన్ని ఒడిసి కుండలో వేసేవాళ్లం. మిగతాదంతా, కత్తిపరిగె పిల్ల, పండుగప్ప పిల్ల, మినుము గింజంత మండపీతలు, అన్నీ ఇసుకలో పారబోసేవాళ్లం. ఒకరోజు మా తాత వచ్చి, నేను పారబోసిన చోట వంగి, రెండు చేతులతో ఆ తడి ఇసుకని ఎత్తి నీళ్లలో కలిపాడు. మళ్లీ వంగాడు, మళ్లీ ఎత్తాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ వంగిన వీపు నాకు ఇవాళ్టికీ కనిపిస్తుంది.

తర్వాత 1994, 95లో తెల్లమచ్చల రోగం వచ్చి చెరువులు ఖాళీ అయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పే ఇచ్చింది. రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీలు వచ్చాయి. కానీ ఏట్లోకి దిగిన దోమతెర మాత్రం ఒడ్డెక్కలేదు. మొన్న పాటు వేళ, నీళ్లు వెనక్కి తీసే వేళ, వంతెన మీంచి చూశాను. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తెర కట్టి ఉంది, చిటికెన వేలు కాదు, గుండుసూది దూరేంత సందు లేదు. కట్టిన ఇల్లు ఏదో నాకు తెలుసు. పూట గడవక కట్టారు. వాళ్లని తిట్టడానికి రాలేదు నేను.

కొన్నేళ్ల కిందట ఈ గోడు చెప్పుకోవడానికి ఒక ఆఫీసుకి వెళ్లాను. ఏట్లో పిల్ల రావడం లేదు సార్, మొగ చూడండి, తెరలు చూడండి అన్నాను. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. "ఎంత తగ్గింది మాస్టారూ? అంతకుముందు ఎంత ఉండేది?" అని అడిగాడు. చాలా తగ్గింది అన్నాను. "చాలా అంటే ఎంత?" అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, నా దగ్గర ఒక్క అంకె లేదు. మా తాత వేలు తెలుసు, నీళ్ల చప్పుడు తెలుసు, అంకె లేదు. బస్సులో వస్తూ అదే. రాత్రి పడుకుంటే అదే. చాలా అంటే ఎంత?

వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ఒక్క నిమిషం ఫోన్లు జేబులో పెట్టి వినండి, ఇది మీ కోసమే.

అమెరికాలో హడ్సన్ అని ఒక నది. దాన్లో కలిసే చిన్న చిన్న వాగుల మీద 2008 నుంచి, చలి పోయే రోజుల్లో, బడిపిల్లలు, ఊరివాళ్లు గరాటు వలలు పెడుతున్నారు. ఎక్కడో సర్గాసో సముద్రంలో పుట్టి అద్దంలా పారదర్శకంగా ఉండే ఈల్ పిల్లలు, మన మలుగుపాము వంశం, ఆ వాగుల్లోకి ఎక్కుతాయి. రోజూ వల విప్పి లెక్కపెట్టి, వదిలేస్తారు. లండన్‌లో థేమ్స్ ఉపనదుల మీద 2005లో ఇలాంటి లెక్కే మొదలైంది, తర్వాత ఊరివాళ్లూ చేరారు. జీతం లేదు. లెక్కపెట్టడానికే పడతారు, తినడానికి కాదు.

అంత దూరం ఎందుకు? రుషికుల్య మొగ దగ్గర 1994లో తాబేళ్ల గుడ్ల రేవు బయటి ప్రపంచానికి తెలిసింది. ఆ తర్వాత పురునబంధ, గోఖరకుద ఊళ్ల కుర్రాళ్లు రాత్రిళ్లు కాపలా కాసి, లైట్ల వైపు దారి తప్పిన తాబేలు పిల్లల్ని ఏరి నీళ్లలో వదులుతున్నారు. వాళ్లు మన బంధువులే కదా. తాబేలు పిల్లకి చేసింది మన కత్తిపరిగె పిల్లకి చేసుకోలేమా?

పని చిన్నదే. ఒకే మావు, సన్న బద్దలది, ఒకే చోట, ఏటికి ఒక పక్కన. పాటు వేళ విప్పి, పడ్డ పిల్లని లెక్కపెట్టి వదలాలి. చేయి తడిపి పట్టుకోవాలి, పొడి చెయ్యి తగిలితే ఒంటి మీది జిగురు పోయి పిల్ల బతకడం కష్టం. పైన తడి గోనెపట్టా కప్పాలి. రెండు పూటలు విప్పకుండా వదిలేస్తే లోపల పీతలు మిగతావాటిని తినేస్తాయి, అదే హత్య అవుతుంది. అందుకని ఎవరికీ రావడానికి కుదరని రోజు మావు తలుపు తీసే ఉంచాలి. పుస్తకంలో తేదీతో పాటు తిథి రాయండి, మన వాళ్లకి పోటు తిథితోనే తెలుస్తుంది. ఒడియాలో రాస్తారో తెలుగులో రాస్తారో మీ ఇష్టం, చేప పేరు మాత్రం రెండింట్లోనూ రాయండి. ఏమీ పడని రోజు సున్నా రాయండి. సున్నా రాయడానికి సిగ్గుపడొద్దు. ఆ ఆఫీసులో నాకు లేనిది ఆ సున్నాలే.

ఇంకోటి. వెంట్రుకంత పిల్లని చూసి ఇది ఫలానా జాతి అని చెప్పగలిగేది రోజూ వల ఏరే మన ఆడవాళ్లు. అక్కా, మీరు రాకపోతే ఈ లెక్క సగం తప్పు. పండుగప్ప ముందు మగదిగా ఉండి, బాగా పెరిగాకే ఆడదవుతుంది. పిల్లప్పుడే తెరలో ఊడ్చేస్తే గుడ్డు పెట్టే వయసుదాకా బతికేది ఎక్కడ? తెర కట్టిన ఇంటి తమ్ముణ్ణి కూడా పిలుస్తున్నాను. పిల్ల ఏ రోజు ఎక్కువ ఎక్కుతుందో పుస్తకంలో తేలితే, ఆ నాలుగు రోజులు తెర ఎత్తమని అడగొచ్చు. ఇప్పుడైతే ఏడాదంతా ఎత్తమనాల్సి వస్తుంది, అది ఆయన వల్ల కాదు.

ఆటోలో ఉన్నది మావు. నాకు అల్లడం రాదు, తాత దగ్గర నేర్చుకోలేదు. పొరుగూరి ముసలాయన అల్లి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. రేపు పాటు వేళకి వంతెన కింద ఉంటాను. పుస్తకం మొదటి పేజీలో తేదీ, తిథి రాసి ఉంచాను, లెక్కపెట్టినవారి పేరు దగ్గర ఖాళీ ఉంది. ఇదిగో తమ్ముడూ, ఆ స్తంభం దగ్గర, నువ్వే. రా, దింపుదాం, ఒక చెయ్యి వెయ్యి.