అశ్వత్థామ ముందు ద్రౌపది

సభకు విచ్చేసిన పెద్దలకు, తల్లులకు, యువతీయువకులకు నమస్కారం.

భాగవతం ఆధారంగా ప్రేమను గురించి మాట్లాడమంటే చాలామంది దశమ స్కంధం తెరుస్తారు. నేను ఈ సాయంత్రం అంత దూరం వెళ్లడం లేదు. ప్రథమ స్కంధంలోనే, పరీక్షిత్తు ఇంకా పుట్టకముందే, యుద్ధం ముగిసిన మరునాడు పాండవ శిబిరంలో జరిగిన ఒక సంభాషణ దగ్గర ఆగుతాను. ద్వేషమా, క్షమా అనే ప్రశ్న సాధకుడికి ఎదురయ్యే సందర్భాలు మన పురాణాలలో ఎన్నో ఉన్నాయి. కాని ఆ ప్రశ్న ఒక తల్లికి, ఆమె కన్నబిడ్డల శవాల ముందు, చంపినవాడు తాళ్లతో కట్టుబడి ఎదురుగా నిలబడి ఉండగా ఎదురైన సందర్భం ఇదొక్కటే నాకు తెలుసు.

ముందు అశ్వత్థామ సంగతి చూద్దాం, ఎందుకంటే అతణ్ణి పుట్టుకతోనే రాక్షసుడిగా చూస్తే ఈ కథలో మనం నేర్చుకోవలసినది సగం పోతుంది. అతడు అన్యాయం చేసినవాడు కావడానికి ముందు అన్యాయం జరిగినవాడు. అతని తండ్రి ద్రోణుణ్ణి ఓడించలేక, కొడుకు చనిపోయాడన్న అబద్ధపు వార్తను ధర్మరాజు నోటి మీదుగా వినిపించి, ఆయన ఆయుధాలు విడిచి కూర్చున్న తరువాత తల నరికారు. తన పేరునే ఆయుధంగా చేసి తన తండ్రిని చంపారన్న బాధ అతనిది, ఆ బాధలో అబద్ధం లేదు. అయితే దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్న ఆ రాత్రి, మర్రిచెట్టు కింద నిద్ర పట్టక కూర్చున్న అశ్వత్థామ, చెట్టు మీద నిద్రపోతున్న కాకులను ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూశాడని భారతంలోని సౌప్తిక పర్వం చెబుతుంది. నాలుగు వేదాలు తెలిసిన తండ్రి దగ్గర పెరిగినవాడు ఆ రాత్రి గుడ్లగూబను గురువుగా స్వీకరించాడు. తన తండ్రి తల నరికిన ధృష్టద్యుమ్నుణ్ణి నిద్రలో ఉండగా చంపాడు. అక్కడితో ఆగక, తన తండ్రి మరణంతో ఏ సంబంధమూ లేని ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు. న్యాయమైన బాధతో మొదలైన మనిషి ఒక్క రాత్రిలో ఎక్కడికి చేరాడో చూడండి. ద్వేషం సాధకుడికి ఎందుకు ప్రమాదకరమో చెప్పడానికి నాకు వేరే ఉదాహరణ అక్కరలేదు.

భారతంలో ద్రౌపది ఈ వార్త విని ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. అశ్వత్థామను చంపి, అతని తలమీది మణిని తెచ్చేదాకా లేవనంటుంది. ఆమె అలా అనడంలో తప్పేముంది? ఏ తల్లి అయినా అంటుంది. భాగవతం అదే ఘట్టాన్ని మరో విధంగా చెబుతుంది. ఇక్కడ అర్జునుడు ఆమెను ఓదారుస్తూ, ఆ పాపి తల తెచ్చి నీ ముందు పెడతానని ప్రతిజ్ఞ చేసి వెళతాడు. అతణ్ణి పట్టుకుంటాడు. దారిలో కృష్ణుడే, ఇతణ్ణి చంపు, ఇతడు దయకు అర్హుడు కాడని అంటాడు. అర్జునుడి ధర్మబుద్ధిని పరీక్షించడానికి అన్నాడని వ్యాసుడు చెబుతాడు. గురుపుత్రుణ్ణి చంపడానికి అర్జునుడికి మనసొప్పదు. కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. తలవంచుకుని నిలబడిన అతణ్ణి చూసి ఆమె నమస్కరించింది. సంస్కృత భాగవతంలో ఆమె నోట వెంటనే వచ్చిన మాట, విడిచిపెట్టండి, విడిచిపెట్టండి అని.

మన పోతన ఇక్కడ ఒక పని చేశాడు. ఆమెతో వెంటనే క్షమించమని అనిపించలేదు. ముందు ఆమెను అశ్వత్థామతోనే నేరుగా మాట్లాడించాడు. నా భర్తలందరూ నీ తండ్రి దగ్గర విలువిద్య నేర్చుకున్నారు, కొడుకు రూపంలో ఉన్న ద్రోణుడివి నువ్వు, శిష్యుల పిల్లలను నరకడం న్యాయమేనా అని అడుగుతుంది. పసివాళ్లను చంపడం ధర్మమవుతుందా తండ్రీ అని అడుగుతుంది. ఆ ‘తండ్రీ’ అన్న పిలుపు చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. మన ఇళ్లలో దారితప్పిన బిడ్డను నిలదీసేటప్పుడు తల్లి నోట వచ్చే పిలుపు అది. ఐదుగురు బిడ్డలను చంపినవాణ్ణి ఆ పిలుపుతో పిలిచింది. ఆ వెంటనే, వాళ్లు ఆయుధాలు పట్టి నీ మీదికి రాలేదు, యుద్ధభూమిలో లేరు, నీకు ఏ ద్రోహమూ చేయలేదు, చీకట్లో ‘నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో!’ అంటుంది. జరిగినదాన్ని జరిగినట్టు, జరిపినవాడి ముఖం మీద చెప్పింది. పోనీలే అనలేదు, నా కర్మ ఇంతే అనలేదు, దేవుడు చేసిన పని అనలేదు. చంపినది నీ చేతులు అని చెప్పిన తరువాతనే క్షమ వచ్చింది. క్షమ అంటే మరచిపోవడమని, జరిగినదాన్ని చిన్నది చేసి చూడడమని అనుకునేవాళ్లు ఈ పద్యాన్ని నెమ్మదిగా చదవాలి.

ఆ తరువాత ఆమె ఆలోచన ఒక్కసారిగా ఆ శిబిరం దాటి వెళ్లిపోయింది. పుత్రశోకంతో నేను కుమిలిపోతున్నట్టే, నిన్ను అర్జునుడు కట్టి ఇక్కడికి ఈడ్చుకు వచ్చాడని విని నీ తల్లి ఎక్కడ ఏ విధంగా ఏడుస్తున్నదో అంటుంది. ద్రోణుడితో పాటు చితి ఎక్కకుండా కొడుకు మీది మమకారంతో బతికి ఉన్న కృపిని తలుచుకుంటుంది. నేను ఏడుస్తున్నట్టు ఆమె ఏడవకూడదంటుంది. ఈ మాటలు అన్నప్పటికి ఆ పిల్లల దహనం కూడా కాలేదు. అంత్యక్రియలు ఆ తరువాత జరిగాయని భాగవతమే చెబుతుంది. కాలం గడిచి, గాయం మాని, మనసు కుదుటపడిన తరువాత పుట్టిన మంచితనం కాదు ఇది. శోకం మొదటి ఘడియల్లోనే, ఆ శోకంలో నుంచే పుట్టింది. తన బాధ ఎంత పెద్దదో కొలిచి చూసి, అంత బాధను ఈ లోకంలో మరొక స్త్రీకి నేను కలిగించను అని ఆమె నిర్ణయించుకుంది. శత్రువు మంచివాడని ఆమె నమ్మలేదు. అతని ఇంట్లో ఏ పాపమూ ఎరుగని ఒక ముసలి తల్లి ఉందని గుర్తు చేసుకుంది, అంతే.

ఒక విషయం ఇక్కడ గట్టిగా చెప్పాలి. ద్రౌపదికి క్షమించమని ఎవరూ బోధించలేదు. ధర్మరాజు బోధించలేదు, కృష్ణుడు బోధించలేదు. వాళ్లు ఆమె మాట విన్నారు, విని మెచ్చుకున్నారు. మనం దీనిని తలకిందులుగా చేస్తున్నాము. దెబ్బలు తిన్న కోడలికి సర్దుకుపొమ్మని, మోసపోయిన తమ్ముడికి పెద్దమనసు చేసుకోమని, అవమానం పడ్డవాడికి ఓర్పు గొప్పదని చెప్పి, ఆ బోధకు ఆధ్యాత్మికత అని పేరు పెడుతున్నాము. దెబ్బ తిన్నవారి తరఫున క్షమించే అధికారం దెబ్బ తగలని మనకు లేదు. వారికి న్యాయం జరిగేలా చూడడం వరకే మన పని.

న్యాయం సంగతి భాగవతం విడిచిపెట్టలేదు. భీముడు ఒప్పుకోలేదు, చంపి తీరాలన్నాడు. అతడు చంపబోగా ద్రౌపది అడ్డం వచ్చింది. అప్పుడు కృష్ణుడు నాలుగు చేతులవాడై, రెండు చేతులతో భీముణ్ణి ఆపి, రెండు చేతులతో ద్రౌపదిని పక్కకు తప్పించాడని పోతన రాశాడు. భీముడి కోపాన్ని పాపమని తోసేయలేదు, ద్రౌపది దయను బలహీనత అని తీసేయలేదు, రెండింటినీ పట్టుకోవడానికి దేవుడికి రెండు చేతులు చాలలేదు. చివరకు అర్జునుడు అశ్వత్థామ తలమీది మణిని జుట్టుతో సహా కోసి, శిబిరం నుంచి వెళ్లగొట్టాడు. ప్రాణం తీయలేదు, అలాగని పక్కన కూర్చోబెట్టుకోలేదు కూడా.

ఇక అసలు కష్టమైన చోటికి వద్దాం. ఇంత జరిగినా అశ్వత్థామ మారలేదు. బయటికి వెళ్లి, అభిమన్యుడి భార్య ఉత్తర గర్భంలో ఉన్న శిశువు మీదికి బ్రహ్మాస్త్రం వేశాడు. ద్రౌపది క్షమకు అతడు ఇచ్చిన బదులు అది. క్షమిస్తే ఎదుటివాడు కరిగిపోతాడని, కాళ్ల మీద పడతాడని మనకు హామీ ఇచ్చేవాళ్లు ఈ అధ్యాయాన్ని దాటవేస్తారు. వ్యాసుడు దాటవేయలేదు. క్షమ ఫలించిందా లేదా అన్నది ఎదుటివాడి ప్రవర్తనలో వెతికితే ద్రౌపది ఓడిపోయినట్టే. కాని ఆమె ఆ పని అశ్వత్థామను మార్చడానికి చేయలేదు. తాను మరో అశ్వత్థామ కాకుండా ఉండడానికి చేసింది.

ఆ అస్త్రం నుంచి కృష్ణుడు కాపాడిన శిశువే పరీక్షిత్తు. అతడు పెరిగి రాజై, ఒకనాడు వేటలో దాహంతో శమీక మహర్షి ఆశ్రమానికి వెళ్లి, సమాధిలో ఉన్న ఆయన పలకలేదన్న కోపంతో చచ్చిన పామును వింటికొప్పుతో ఎత్తి ఆయన భుజం మీద వేశాడు. ఋషి కొడుకు శృంగి శపించాడు, ఏడవ నాడు తక్షకుడి విషంతో చస్తావని. శమీకుడు కళ్లు తెరిచి సంతోషించలేదు, బాధపడ్డాడు. భగవద్భక్తులు తమను పొడిచినా, తిట్టినా, కొట్టినా పడి ఉంటారే కాని బదులు తీర్చుకోరని కొడుకుతో అన్నాడు. పరీక్షిత్తు కూడా శాపం విని ఆ ఋషి మీద కోపం తెచ్చుకోలేదు. చేసిన తప్పుకు తానే కుమిలి, రాజ్యం విడిచి గంగ ఒడ్డున కూర్చున్నాడు. అక్కడికి శుకుడు వచ్చి ఏడు రోజులు చెప్పినదే మనం చదువుకుంటున్న భాగవతం. నానమ్మ వరస అయిన ద్రౌపది ఆ రోజు చేసినది, మనవడు గంగ ఒడ్డున చేసినది ఒకే పని. ఈ గ్రంథం మన చేతికి వచ్చినది అటువంటి మనుషుల మీదుగా. ఆ పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు మాత్రం తండ్రిని కరిచిన ఒక్క తక్షకుడి కోసం సర్పజాతి మొత్తాన్ని హోమంలో వేయబోయాడు. ఒకడి నేరానికి ఒక జాతినంతా శత్రువుగా చూసే ఆ బుద్ధి ఇవాళ మన ఫోన్లలో ప్రతి పూటా వినిపిస్తున్నది. ఆ మాటలను ముందుకు పంపే వేలు మనదైనప్పుడు, ఆ హోమంలో మనమూ ఒక సమిధ వేస్తున్నట్టే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, చదువుకున్నవాళ్లు అడగాలి కూడా. ద్వేషంతో శిశుపాలుడు, భయంతో కంసుడు భగవంతుణ్ణి చేరారని సప్తమ స్కంధంలో నారదుడే చెప్పాడు కదా, మరి ద్వేషం కూడా మార్గమే కదా అని. నారదుడు చెప్పినది నిజం. ఎవరిని ఎడతెగక తలుస్తామో వారి రూపమే మనకు వస్తుందన్నది ఆయన మాటలోని సారం. శిశుపాలుడు పగలూ రాత్రీ ద్వేషించినది కృష్ణుణ్ణి. మనం ద్వేషించేది పొలం గట్టు జరిపిన దాయాదిని, మాట తూలిన వియ్యంకుణ్ణి, మనకు రావలసిన పదోన్నతి తన్నుకుపోయిన సహోద్యోగిని. వాళ్లను అంత ఏకాగ్రతతో తలుచుకుంటే ఎవరి రూపం వస్తుందో ఆలోచించండి. జపమాల చేతిలో ఉన్నా మనసు తిరిగేది ఆ పేరు చుట్టూనే. గీత పన్నెండో అధ్యాయంలో భక్తుడి లక్షణాలు చెబుతూ కృష్ణుడు మొట్టమొదట పెట్టినది ‘అద్వేష్టా సర్వభూతానాం’ అని. అదే శ్లోకం ‘క్షమీ’ అన్న మాటతో ముగుస్తుంది. ఏ ప్రాణినీ ద్వేషించకపోవడం సాధన పండిన తరువాత వచ్చే అలంకారం అయితే దానిని మొదట పెట్టి ఉండడు.

ఇది పురాణ కాలపు మాట అని తీసివేయకుండా ఉండడానికి మన కాలంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్ అనే ఆస్ట్రేలియా దేశస్థుణ్ణి, అతని కొడుకులు ఫిలిప్, తిమోతిలను ఒక గుంపు సజీవ దహనం చేసింది. ఆయన బారిపదలో ఏళ్ల తరబడి కుష్ఠురోగులకు సేవ చేస్తూ ఉన్నాడు. చీకటి, నిద్రలో ఉన్న పసివాళ్లు, కథ అదే. ఆయన భార్య గ్లాడిస్ ఆ హంతకులను క్షమిస్తున్నానని ప్రకటించింది. దేశం విడిచి వెళ్లిపోకుండా కూతురితో బారిపదలోనే ఉండి, 2004 దాకా ఆ రోగుల సేవ కొనసాగించింది. ప్రభుత్వం 2005లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. న్యాయస్థానాలు తమ పని తాము చేశాయి. ప్రధాన నిందితుడికి కింది కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దానిని ఖరారు చేసింది. ఆమె మతం వేరు, ఆమె చదివిన గ్రంథం వేరు. ద్రౌపది పేరు ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. భాగవతం చదివిన మనం ఆమెకు నమస్కరించలేకపోతే మాత్రం, మన పఠనంలో ఏదో లోపం ఉందని నేను నమ్ముతాను.

అరుణాచలంలో 1924 జూన్ 26 రాత్రి దొంగలు ఆశ్రమం మీద పడి రమణ మహర్షిని కొట్టినప్పుడు, ఒక శిష్యుడు ఇనుప కడ్డీ పట్టుకుని వాళ్ల మీదికి వెళ్లబోయాడు. మహర్షి ఆపారు. వాళ్ల పని వాళ్లు చేయనీ, మనం సాధువులం, మన ధర్మం మనం వదలకూడదన్నారు. పళ్లు నాలుకను కొరికితే పళ్లు రాలగొట్టుకుంటామా అని అడిగారు. తరువాత పోలీసులు వచ్చారు, దొంగలు పట్టుబడ్డారు, అది వేరే సంగతి. ఎదుటివాడు చేసిన పని నా ధర్మాన్ని నిర్ణయించకూడదన్న ఆ పట్టుదలే ద్రౌపదిలోనూ ఉన్నది.

మీలో చాలామంది నాలాగే సామాన్య గృహస్థులు. మనకు ఇంత పెద్ద పరీక్షలు రాకూడదనే కోరుకుందాం. కాని ప్రతి ఒక్కరి మనసులోనూ తలుచుకుంటే ఛాతీ బిగుసుకునే ఒక పేరు ఉంటుంది. ఈ రాత్రి పూజలో కూర్చున్నప్పుడు ఆ మనిషిని తలుచుకోవద్దు, అది ఇప్పుడే సాధ్యం కాదు. ద్రౌపది చేసినట్టు ఆ ఇంట్లో మీకు ఏ అపకారమూ చేయని ఒక మనిషిని, అతని తల్లినో, చదువుకుంటున్న కూతురినో తలుచుకుని, వారు చల్లగా ఉండాలని ఒక్కసారి అనుకోండి. మనస్ఫూర్తిగా రాకపోతే రానివ్వకండి, రేపు మళ్లీ కూర్చోండి. అతనికి ఫోన్ చేయవలసిన పని లేదు, కోర్టులో ఉన్న కేసు వెనక్కి తీసుకోవలసిన పని అంతకన్నా లేదు.

ఉత్తర గర్భాన్ని కృష్ణుడు చక్రంతో కాపాడిన తరువాత, ద్వారకకు బయలుదేరుతున్న ఆయన రథం దగ్గరికి కుంతి వస్తుంది. మనుమలందరినీ పోగొట్టుకున్న ఆ ముసలి తల్లి దేవుణ్ణి ఏమి కోరిందో రేపటి ప్రసంగంలో చూద్దాం.