ఆడ నడక అంటే ఏ నడక?

నమస్తే అండీ. ఈరోజు వీడియో నడక గురించి. వీడియో గేమ్‌లో కంట్రోలర్ మీది స్టిక్ కొంచెం ముందుకు నెట్టగానే మన క్యారెక్టర్ నడవడం మొదలుపెడుతుంది కదా, ఆ నడక. అది అమ్మాయి నడక అయితే ఎవరు ఎలా నిర్ణయిస్తారు, అసలు అమ్మాయిని నడవనివ్వాలా వద్దా అని ఎవరు నిర్ణయిస్తారు, అదీ మాట్లాడుకుందాం.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. అమీర్‌పేటలో యానిమేషన్ నేర్చుకునే రోజుల్లో మా మొదటి అసైన్‌మెంట్లన్నీ వాక్ సైకిళ్లే, అంటే మళ్లీ మళ్లీ తిరిగే నడక బొమ్మలు. సార్ బోర్డు మీద వరసగా రాశారు: అలసిపోయిన నడక, కోపంగా నడక, దొంగ నడక, బరువు మోసేవాడి నడక, తాగినవాడి నడక. చివర్లో, ఆడ నడక. నేను చేసి చూపిస్తే "నడుము ఇంకొంచెం తిప్పాలమ్మా, అమ్మాయని తెలియాలి కదా" అన్నారు. తిప్పాను, మార్కులు వచ్చాయి. ఆ సాయంత్రం బస్టాపులో నిలబడి కావాలనే చూశాను. కదిలిపోతున్న బస్సు కోసం చున్నీ ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తే అమ్మాయి, కూరగాయల సంచీ బరువుకు కుడివైపు ఒరిగిపోయి నడుస్తున్న ఒక పెద్దావిడ, ఫోన్లో ఎవరితోనో గొడవపడుతూ పది అడుగులు అటూ పది అడుగులు ఇటూ తిరుగుతున్న ఇంకొకామె. అలసట ఉంది, కోపం ఉంది, బరువు ఉంది. సార్ అడిగిన తిప్పుడు మాత్రం ఒక్కరిలోనూ కనబడలేదు.

ఆ లిస్టు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది, ఎందుకంటే మగవాడి నడకకు ప్రతిసారీ ఒక కారణం ఉంది, ఆడదాని నడకకు ఆడది కావడమే కారణం.

సినిమాలో అయితే హీరోయిన్‌ని చూస్తాం, అంతే. గేమ్‌లో ఆమెను మనం నడిపిస్తాం. పెద్ద యాక్షన్ గేమ్ అంటే ముప్ఫై, నలభై గంటలు ఆమె వెనకే ఉంటాం, ముఖం కంటే ఎక్కువగా భుజాలు, వీపు, అడుగులు చూస్తాం. ఆమె గోడ ఎక్కుతుంటే మన వేళ్లు బిగుస్తాయి, పడిపోతే మనకే టెన్షన్. అందుకే పక్కన నిలబడే అమ్మాయికీ, మనం ఆడే అమ్మాయికీ అంత తేడా.

ఇక అసలు కథకు వద్దాం. 2014 జూన్. యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ వాళ్లు తమ అసాసిన్స్ క్రీడ్ సిరీస్‌లో కొత్తది, యూనిటీ అనే గేమ్ చూపిస్తున్నారు. ఫ్రెంచి విప్లవం నాటి పారిస్, నలుగురు కలిసి ఆడుకునే మోడ్, నలుగురూ మగవాళ్లే. అమ్మాయి ఎందుకు లేదని విలేకరులు అడిగారు. అనుకున్నాం, కానీ యానిమేషన్లు రెట్టింపు, గొంతులు రెట్టింపు, బట్టలు రెట్టింపు, అంత పని కుదరలేదు అన్నారు. ఆ టీమ్‌లోనే ఇంకొకరు లెక్క కూడా చెప్పారు: 8,000కు పైగా యానిమేషన్లు వేరే స్కెలిటన్ మీద మళ్లీ చేయాల్సి వచ్చేదట.

ఎనిమిది వేలు అంటే నిజంగానే భయమేస్తుంది. అందుకే ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం చూద్దాం.

[తెర మీద: ఒక క్యారెక్టర్, నెమ్మదిగా చర్మం మాయమై లోపలి ఎముకలు కనబడతాయి]

గేమ్‌లో మనిషి అంటే పైన చర్మం, బట్టలు, లోపల ఎముకల గూడు. హైదరాబాద్ స్టూడియోల్లో ఎవరినడిగినా రిగ్ అనే అంటారు. కదలిక అంతా ఆ ఎముకల మీదే ఉంటుంది: ఫలానా ఫ్రేమ్‌లో మోకాలు ఇంత వంగాలి, భుజం ఇంత తిరగాలి అని. కాబట్టి ఒక గూడుకు చేసిన కదలికను, ఎముకల అమరిక ఒకటే అయితే, పొడుగూ వెడల్పూ వేరుగా ఉన్న ఇంకో గూడుకు ఎక్కించవచ్చు. దీన్ని రీటార్గెటింగ్ అంటారు. ఎక్కించాక చేయి తొడలోకి దూరిపోతుంది, పాదం నేలమీద జారిపోతుంది, ఇలాంటివి కూర్చుని సరిచేయాలి. ఆ సరిచేయడం ఎంత విసుగో నాకు తెలుసు, బట్టలూ డబ్బింగూ వేరే ఖర్చు, అదీ నిజమే. కానీ ఎనిమిది వేల కదలికలను సున్నా నుంచి చేయడం వేరు, ఇది వేరు.

ఆ మాట పైకి చెప్పింది బయటివాళ్లెవరో కాదు. జొనాథన్ కూపర్ అని, అదే సిరీస్‌లో 2012లో వచ్చిన మూడో గేమ్‌కు యానిమేషన్ డైరెక్టర్‌గా పనిచేసిన మనిషి. తన అంచనా ప్రకారం ఇది ఒకటి రెండు రోజుల పని అని ట్విటర్‌లో రాశారు. అంతటితో ఆగలేదు. అదే 2012లో పీఎస్ వీటా అనే చేతిలో పట్టే గేమ్ మెషీన్ కోసం అదే సిరీస్‌లో లిబరేషన్ అనే గేమ్ వచ్చింది, అందులో హీరో అవెలీన్, న్యూ ఆర్లీన్స్ అమ్మాయి. మూడో గేమ్ హీరో కానర్ కదలికలు, తర్వాతి గేమ్ హీరో ఎడ్వర్డ్‌లో కంటే ఆమెలోనే ఎక్కువ ఉన్నాయని గుర్తుచేశారు. అంటే ఆ సిరీస్‌లో అప్పటికే ఒక అమ్మాయి మగవాడి అడుగులతో ఒక గేమంతా పరిగెత్తేసింది, గోడలెక్కేసింది, ఎవరూ ఇబ్బందిపడలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది నన్ను బాగా బాధపెట్టింది. ఫ్రెంచి విప్లవంలో అందరికీ గుర్తుండే హత్య విప్లవ నాయకుడు జాన్ పాల్ మారాది. 1793 జులైలో స్నానాల తొట్టిలో ఉండగా పొడిచేశారు. పొడిచింది షార్లెట్ కోర్డే, 24 ఏళ్ల అమ్మాయి. హంతకుల గురించి తీసే గేమ్, అదే ఊరు, అదే కాలం.

యూనిటీ తర్వాతి ఏడాది, 2015లో, అదే సిరీస్‌లో సిండికేట్ వచ్చింది. 1868 నాటి లండన్, ఈవీ, జేకబ్ అని కవల అక్కాతమ్ముళ్లు, ఇద్దరినీ ఆడొచ్చు. 2018లో ఒడిస్సీ, ప్రాచీన గ్రీసు, మొదట్లోనే అడుగుతుంది: కసాండ్రాగా ఆడతారా, అలెక్సియోస్‌గా ఆడతారా అని. ఇద్దరికీ కథ ఒకటే, మాటలు కూడా దాదాపు అవే. నేను కసాండ్రానే తీసుకున్నాను. తాత లియోనిడాస్ విరిగిన ఈటె చేతిలో పట్టుకుని, కెఫలోనియా దీవి దారుల్లో అడుగులు దూరంగా వేస్తూ, ఎవరికీ పక్కకు తప్పుకోకుండా నడుస్తుంది. చూస్తున్నంతసేపూ ఆ బోర్డు మీది లిస్టులో ఈ నడక ఏ పేరు కింద వస్తుందా అని వెతుక్కున్నాను. పనిమీద వెళ్తున్న మనిషి నడక, అంతే.

తర్వాత 2020 జులైలో బ్లూంబర్గ్ వార్తాసంస్థ యూబీసాఫ్ట్ మీద ఒక రిపోర్టు వేసింది, కంపెనీలో పనిచేసినవాళ్లు చెప్పిన విషయాలతో. ఒడిస్సీకి మొదట కసాండ్రా ఒక్కతే హీరో అనుకున్నారట. సిండికేట్‌లో ఈవీకి తమ్ముడితో సమానంగా చోటు ఉండాల్సిందట. 2017లో వచ్చిన ఒరిజిన్స్‌లో కూడా హీరో బాయెక్ కథ తొందరగా ముగిసి, గేమ్ అతని భార్య ఆయా చేతికి రావాల్సిందట. మార్కెటింగ్ వాళ్లు, పైన సృజనాత్మక విభాగం పెద్ద, ఆడవాళ్లు హీరోలైతే గేములు అమ్ముడుపోవు అన్నారని ఆ రిపోర్టు సారాంశం. ఇది చదివాక 2014 నాటి ఎనిమిది వేల లెక్క నాకు ఇంకోలా వినబడింది. ఎముకల గూడు మార్చడం కష్టం కాలేదు, మీటింగ్ గదిలో కూర్చున్నవాళ్ల మనసు మార్చడం కష్టమైంది.

అమ్ముడుపోదు అనే మాట ఎక్కడ నుంచి వస్తుందో కూడా చూద్దాం. మాస్ ఎఫెక్ట్ అని ఇంకో కంపెనీ సిరీస్, అందులో ముఖ్యపాత్ర కమాండర్ షెపర్డ్‌ని ఆడగా, మగగా ఎలా కావాలంటే అలా ఆడొచ్చు. ఆడ షెపర్డ్‌కు జెనిఫర్ హేల్ గొంతు, ఆ గొంతు వింటే మీరే ఒప్పుకుంటారు. 2011లో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం ఆమెను ఎంచుకున్నవాళ్లు 18 శాతం. చూశారా, జనానికే అక్కర్లేదు అనేస్తారు. కానీ అప్పటిదాకా వచ్చిన కవర్ల మీద, ట్రైలర్లలో మగ షెపర్డే ఉన్నాడు. ఆమె ఉందని తెలియనివాళ్లు ఎలా ఎంచుకుంటారు చెప్పండి? మూడో గేమ్‌కు 2012లో కవర్ తిరగేస్తే ఆమె కనబడేలా వేశారు. 2021లో మూడూ కలిపి మళ్లీ విడుదల చేశాక చెప్పిన లెక్కలో ఆమె వాటా 32 శాతం. 2017లో వచ్చిన హొరైజన్ జీరో డాన్ అయితే ఎంచుకోమని అడగనే అడగదు, ఏలోయ్ ఒక్కతే. 2021 చివరికి ఆ గేమ్ 2 కోట్ల కాపీలు దాటింది.

సరే, ఆమెను పెట్టారనుకుందాం. ఎలా పెట్టారు?

1986లో నింటెండో మెట్రాయిడ్ తీసింది. గేమంతా ముఖ్యపాత్ర సామస్ కవచంలోనే ఉంటుంది, ఇంగ్లీషు మాన్యువల్ కూడా మగవాడన్నట్టే రాసింది. తొందరగా ముగిస్తే చివర్లో కవచం తీసి అమ్మాయని చూపిస్తారు, ఎంత తొందరగా ముగిస్తే ఒంటి మీద అంత తక్కువ బట్టలు. అంతసేపూ రాక్షసుల్ని చంపిన మనిషి, చివరికి మనకిచ్చే బహుమతి అయిపోయింది. 1996లో ఇంగ్లండ్‌లోని డర్బీలో టోంబ్ రైడర్ పుట్టింది. దాని హీరోయిన్ లారాను గీసిన టోబీ గార్డ్, ఆమెను ప్రకటనల్లో చూపించే తీరు నచ్చక మరుసటి ఏడాదే ఆ కంపెనీ వదిలేశారు.

2013లో లారాను మళ్లీ కొత్తగా చేశారు. దాని మీద నాకు రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. మొదట్లోనే ఆమె ఒక ఇనుపచువ్వ మీద పడుతుంది, పక్కటెముకల కింద చేయి అదిమిపెట్టుకుని, కుంటుతూ, ఊపిరి పీల్చుకుంటూ నడుస్తుంది. ఆ నడక ఎంత బాగా చేశారో! నొప్పి ఎక్కడుందో అడుగులోనే తెలుస్తుంది. అదే గేమ్‌లో మనం తప్పు చేస్తే ఆమె చచ్చిపోయే దృశ్యాలు మాత్రం చూడలేకపోయాను, గొంతులో కర్ర దిగడాన్ని కెమెరా అంత దగ్గరగా, అంతసేపు చూపించాల్సిన అవసరం ఏముంది? పైగా విడుదలకు ముందు నిర్మాతల్లో ఒకరు, ఆడేవాళ్లకు ఆమెను కాపాడాలనిపిస్తుంది అన్నారు. నాకు ఆమెను కాపాడాలని లేదు, నేనే ఆమెను అనుకుని ఆడుతున్నాను.

బాగా చేసినా గొడవే. రెండో హొరైజన్ గేమ్‌లో ఏలోయ్ బుగ్గ మీద ఎండ పడినప్పుడు సన్నటి నూగు కనబడితే గడ్డం అని ఎగతాళి చేశారు. అది అందరికీ ఉంటుంది, ఇప్పుడు ఫోన్ కెమెరా ఆన్ చేసి కిటికీ దగ్గర నిలబడితే మీకూ కనబడుతుంది. 2020లో ద లాస్ట్ ఆఫ్ అస్ అనే గేమ్ రెండో భాగంలో ఆబీ అనే పాత్ర భుజాలు చూసి ఏ అమ్మాయికీ అలా ఉండవన్నారు. ఆ ఒళ్లు కాలీన్ ఫోచ్ అనే క్రాస్‌ఫిట్ (కఠిన వ్యాయామ పోటీల) క్రీడాకారిణిని చూసి చేసింది. ఆబీకి గొంతిచ్చిన లారా బెయిలీకి చంపేస్తామని మెసేజీలు కూడా వచ్చాయి.

చివరగా ఒక చిన్న గేమ్.

[తెర మీద: డాంకీ కాంగ్, పైన గొరిల్లా, పక్కన గులాబీ రంగు బట్టల్లో పౌలీన్]

1981 నాటి డాంకీ కాంగ్. గొరిల్లా పౌలీన్‌ను ఎత్తుకుపోతుంది, మారియో నిచ్చెనలెక్కి వెళ్లి కాపాడాలి. 2013లో మైక్ మైకా అనే గేమ్ డెవలపర్‌ను మూడేళ్ల కూతురు అడిగింది, నేను అమ్మాయిగా ఆడి మారియోను కాపాడొచ్చా అని. ఆయన రాత్రి కూర్చుని పాత గేమ్ ఫైలు తెరిచారు. ఇద్దరి స్థానాలు మార్చాలి, అంతే కదా అనుకుంటాం. కానీ పౌలీన్‌కు అసలు నడకే లేదు. ఉన్నచోట నిలబడి కేకలు వేయడానికి ఎన్ని బొమ్మలు కావాలో అన్నే గీసి ఉన్నాయి. అందుకని పరుగు ఒక ఫ్రేమ్, దూకడం ఒక ఫ్రేమ్, నిచ్చెన ఎక్కడం ఒక ఫ్రేమ్, ఒక్కో చుక్కా పెట్టుకుంటూ ఆమెకు కాళ్లు చేతులు గీశారు. అయ్యాక కూతురికి ఇచ్చారు. గులాబీ గౌనులో పౌలీన్ పీపాలు దూకుతూ నిచ్చెనలెక్కింది, పైన గొరిల్లా పక్కన మారియో ఎదురుచూస్తూ నిలబడ్డాడు.