యూఎస్‌బీ మోడెమ్‌తో నేరుగా మాట్లాడడం: ఏటీ కమాండ్ల వీడియో పాఠం

నమస్కారం. సిమ్ వేసి మొబైల్ నెట్ వాడుకునే ఈ యూఎస్‌బీ మోడెమ్‌ను ఏ యాప్ సాయమూ లేకుండా లినక్స్ టెర్మినల్ నుంచే నడిపించడం, దాని సిగ్నల్‌ను గమనిస్తూ ఉండడం ఎలాగో ఇప్పుడు చూద్దాం. కమాండ్లను నేను అక్షరాలుగా పలుకుతాను. వాటిని ఎలా టైపు చేయాలో తెరపై చూడండి.

మోడెమ్‌కు తెలిసిన భాష ఏటీ కమాండ్లు. 1981లో హేస్ సంస్థ తన స్మార్ట్‌మోడెమ్‌తో తెచ్చిన పద్ధతి ఇది. ఏటీ అంటే అటెన్షన్, అంటే "ఇటు చూడు" అని పిలవడం. టెలిఫోన్ తీగల మోడెమ్‌ల కాలం పోయినా ఆ పిలుపు మాత్రం పోలేదు. సెల్యులార్ మోడెమ్‌లకు కావలసిన కమాండ్లను మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ వారి 27.007 ప్రమాణపత్రం దాని మీదే నిర్వచించింది.

మోడెమ్‌ను గుచ్చాను. లినక్స్ కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో చూడండి, టీటీవై యూఎస్‌బీ 0, 1, 2 అని మూడు పోర్టులు వచ్చాయి. వాటిలో ఏటీ కమాండ్లు వినేది ఏదన్నది మోడెమ్‌ను బట్టి మారుతుంది కాబట్టి, ఒక్కోదానికీ ఏటీ పంపి, ఓకే అని బదులిచ్చినదాన్ని పట్టుకోవాలి. నా దాంట్లో అది 2. మోడెమ్‌ను తీసి మళ్లీ పెడితే ఈ అంకెలు మారిపోవచ్చు. అందుకే నేను డెవ్, సీరియల్, బై-ఐడీ ఫోల్డరులో ఉండే పొడవాటి పేరునే వాడతాను. పేరు పొడవైనా అది స్థిరంగా ఉంటుంది.

లినక్స్‌లో మోడెమ్‌లను వెనకాల నుంచి నడిపే మోడెమ్‌మేనేజర్ సర్వీసును ఆపుతున్నాను. అది కూడా ఇదే పోర్టును చదువుతూ ఉంటే, మనకు రావలసిన జవాబుల్లో సగం ముక్కలు అది తినేస్తుంది. అనుమతి లేదన్న ఎర్రర్ వస్తే, ఉబుంటు, డెబియన్‌లలో మీ యూజరును సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

టెర్మినల్ ప్రోగ్రాముగా నేను పికోకామ్‌ను వాడతాను. మినీకామ్‌ను చాలామంది ఇష్టపడతారు, తప్పేమీ లేదు. కాకపోతే అది తెరుచుకోగానే అడగకుండానే తన సొంత కమాండ్లు కొన్ని మోడెమ్‌కు పంపుతుంది, అది నాకు నచ్చదు. వేగం 115200 అని ఇచ్చాను, ఎంటర్. ఏటీ, ఎంటర్. ఓకే వచ్చింది. మీరు టైపు చేసేది తెరపై కనిపించకపోతే ఏటీఈ1 ఇవ్వండి. తరువాత ఏటీ ప్లస్ సీఎంఈఈ ఈక్వల్స్ 2 ఇస్తే, ఉత్త "ఎర్రర్" అని ఊరుకోకుండా కారణం కూడా చెబుతుంది. ఏటీ ప్లస్ సీపిన్, ప్రశ్నార్థకం: "రెడీ" అన్నది, అంటే సిమ్ సిద్ధంగా ఉంది. అక్కడ "సిమ్ పిన్" అని వస్తే ఊహించి పిన్‌లు కొట్టకండి, వరుసగా మూడుసార్లు తప్పితే సిమ్ పీయూకే, అంటే తాళం తీసే కోడ్, అడుగుతుంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నది ఈ మెట్టు దగ్గరే. పికోకామ్‌లో చక్కగా పలికిన ఈ మోడెమ్, పైథాన్‌లో నేను రాసిన నాలుగు వరుసల ప్రోగ్రాముకు ఒక్క అక్షరం కూడా బదులివ్వలేదు. పోర్టు మార్చాను, కేబుల్ మార్చాను, చివరకు మోడెమ్‌నే అనుమానించాను. తప్పు ఎక్కడో ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి: పై వరుసలో ఏటీ తరువాత బ్యాక్‌స్లాష్ ఎన్ ఉంది, కింది వరుసలో బ్యాక్‌స్లాష్ ఆర్ ఉంది. మోడెమ్ దృష్టిలో కమాండు ముగిసేది క్యారేజ్ రిటర్న్ వచ్చినప్పుడే, అంటే 13వ నంబరు అక్షరం వచ్చినప్పుడే. నేను పంపిన న్యూలైన్ 10వ నంబరు అక్షరం కావడంతో, నా వాక్యం ఇంకా పూర్తి కాలేదనుకుని అది మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చుంది. పికోకామ్‌లో ఎంటర్ నొక్కితే వెళ్లేది 13 కాబట్టి అక్కడ ఈ లోపం కనిపించలేదు. నమ్మకం కుదరకపోతే, కమాండును ముగించే అక్షరం ఏదో చెప్పే ఏటీఎస్3, ప్రశ్నార్థకం అని అడగండి. ఇదిగో, 013 అని అదే చెబుతోంది. మరొక మాట: సగంలో ఆగిన పాత కమాండు మోడెమ్‌లో మిగిలి ఉంటే మీ తరువాతి కమాండు దానికి అతుక్కుని ఎర్రర్ వస్తుంది, అందుకని నా ప్రోగ్రాములన్నీ మొదట ఒక వట్టి ఏటీ పంపి, దాని జవాబును పారేసి, ఆ తరువాతే అసలు పని మొదలుపెడతాయి.

ఇక సిగ్నల్. ఏటీ ప్లస్ సీఎస్‌క్యూ. 17, 99 అని వచ్చింది. మొదటి అంకెను రెట్టించి 113 తీసివేయండి: 34లో 113 పోతే మైనస్ 79 డీబీఎం, సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం ఇది. రెండవ స్థానంలోని 99కి "తెలియదు" అని అర్థం. అయితే 4జీలో దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. ఏటీ ప్లస్ సీఈఎస్‌క్యూ మేలు. అందులో ఆరు అంకెలు వస్తాయి, చివరిది ఆర్ఎస్ఆర్‌పీ, అంటే 4జీ సిగ్నల్ బలం. ఇక్కడ 45 ఉంది. దానిలోంచి 141 తీసివేస్తే మైనస్ 96, అంటే మైనస్ 96కూ మైనస్ 95కూ మధ్య. అదే 255 కనిపిస్తే కొలత లేదని అర్థం. మోడెమ్‌ను కిటికీ దగ్గరకు జరుపుతూ ఈ చివరి అంకె ఎలా మారుతుందో చూడండి. పది సెకన్లకు ఒకసారి అడిగి, సమయంతో సహా ఫైలులో రాసే చిన్న లూప్ ఇదిగో.

నెట్‌వర్క్ నమోదు సంగతిని మాత్రం పదేపదే అడగనక్కరలేదు. ఏటీ ప్లస్ సీఈరెగ్ ఈక్వల్స్ 2 ఇస్తే, మార్పు జరిగినప్పుడల్లా మోడెమ్ తనంతట తానే చెబుతుంది, సెల్ నంబరుతో సహా. 1 అంటే సొంత నెట్‌వర్క్, 5 అంటే రోమింగ్, 2 అంటే ఇంకా వెతుకుతోంది, 3 అంటే అనుమతి దొరకలేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మనం అడిగినప్పుడు వచ్చే జవాబులో ముందు మన సెట్టింగు అంకె, దాని తరువాత స్థితి వస్తాయి. తనంతట తాను చెప్పినప్పుడు మాత్రం స్థితితోనే మొదలవుతుంది. రెండింటినీ ఒకే తీరుగా చదివే ప్రోగ్రాము, మోడెమ్ సొంత నెట్‌వర్క్‌లోనే ఉన్నా, మన సెట్టింగు అంకె 2ను స్థితి అనుకుని, ఇంకా వెతుకుతోందని చెబుతుంది.

మోడెమ్ మొరాయిస్తే దాన్ని పీకి పెట్టనక్కరలేదు. ఏటీ ప్లస్ సీఫన్ ఈక్వల్స్ 4తో రేడియో ఆగుతుంది, ఈక్వల్స్ 1తో మళ్లీ లేస్తుంది. ఏటీ ప్లస్ కాప్స్ ఈక్వల్స్ ప్రశ్నార్థకం ఇస్తే చుట్టుపక్కల నెట్‌వర్క్‌లన్నీ వెతుకుతుంది గానీ, దానికి నిమిషాలు పట్టవచ్చు; తెర నిశ్చలంగా ఉందని కంగారుపడి మధ్యలో ఏ మీటా నొక్కకండి, వెతుకులాట ఆగిపోవచ్చు.

బయటకు రావడానికి కంట్రోల్ ఏ, ఆ వెంటనే కంట్రోల్ ఎక్స్. ఇందాక ఆపిన మోడెమ్‌మేనేజర్‌ను మళ్లీ ప్రారంభిస్తున్నాను. అది లేకపోతే డెస్క్‌టాప్ మూలన ఉండే మొబైల్ నెట్ గుర్తు తిరిగి రాదు.