పైథాన్ బైసెక్ట్: మిర్చి ధరల లిస్ట్‌లో చోటు వెతకడం

[తెర మీద: ధరలు = [11000, 12500, 12500, 12500, 13200, 14000, 15500, 16800]]

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం అనుకోండి. ఆ రోజు అమ్ముడైన తేజ రకం లాట్ల ధరలను, క్వింటాలుకు ఇన్ని రూపాయలని, గుమస్తా కంప్యూటర్‌లో ఎక్కించాడు. అంకెలు ఉదాహరణకు వేసినవే. తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో ఉన్నాయి. దుకాణం యజమాని అడిగేవి ఇలా ఉంటాయి: పద్నాలుగు వేలు, ఆపైన పోయిన లాట్లెన్ని? పన్నెండున్నర వేలకు ఎన్ని పోయాయి? ఇప్పుడే పదమూడు వేలకు ఇంకోటి పోయింది, అది ఈ వరుసలో ఎక్కడికి వస్తుంది?

పైథాన్‌లో వీటికి బైసెక్ట్ అనే మాడ్యూల్ ఉంది. పైథాన్‌తో పాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ధరలు అనే పేరు తెలుగులో పెట్టినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఫంక్షన్ల పేర్లు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

చాలామంది బైసెక్ట్‌ను "ఈ విలువ ఉందా, లేదా" అని అడగడానికి వాడి తికమక పడతారు. అది ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఈ విలువను వరుస చెడకుండా ఎక్కడ పెట్టవచ్చో ఆ ఇండెక్స్, అంటే సున్నా నుంచి లెక్కపెట్టే స్థానం అంకె, చెబుతుంది, అంతే. దీన్ని ఒక్కసారి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక.

[తెర మీద: బైసెక్ట్_లెఫ్ట్(ధరలు, 13000) → 4]

పదమూడు వేలు లిస్ట్‌లో లేదు. అయినా 4 వచ్చింది. అంటే దానికంటే తక్కువవి నాలుగున్నాయి, కొత్త లాట్ వాటి పక్కన కూర్చుంటుంది. నిజంగా ఉందో లేదో తెలియాలంటే ఆ ఇండెక్స్‌లో ఉన్న విలువను మనమే పోల్చి చూడాలి. దానికి ముందు ఇండెక్స్ లిస్ట్ పొడవు కంటే తక్కువేనా అని కూడా చూడాలి. ఇరవై వేలు వెతికితే 8 వస్తుంది, కానీ మన లిస్ట్‌లో ఇండెక్స్‌లు 7 దాకానే. చూసుకోకుండా తీయబోతే ఇండెక్స్ ఎర్రర్.

ఒకే ధర చాలాసార్లు ఉన్నప్పుడు లెఫ్ట్, రైట్ తేడా బయటపడుతుంది.

[తెర మీద: బైసెక్ట్_లెఫ్ట్(ధరలు, 12500) → 1
బైసెక్ట్_రైట్(ధరలు, 12500) → 4]

లెఫ్ట్ ఆ గుంపుకు ముందు ఆగుతుంది, రైట్ గుంపు దాటాక ఆగుతుంది. నాలుగులోంచి ఒకటి తీసేస్తే మూడు. పన్నెండున్నర వేలకు పోయినవి మూడు లాట్లు, ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండానే తేలింది. పద్నాలుగు వేలు, ఆపైన ఎన్ని? మొత్తం ఎనిమిది. పద్నాలుగు వేలకు లెఫ్ట్ ఇచ్చేది 5. మిగిలింది మూడు. ఇక్కడ రైట్ వాడితే సరిగ్గా పద్నాలుగు వేలకు పోయిన లాట్ లెక్కలోంచి జారిపోతుంది. పేరులో ఏ వైపూ చెప్పకుండా ఉత్త బైసెక్ట్ అని పిలిస్తే, అది రైట్ కిందే లెక్క.

ఎనిమిది అంకెలకు ఇదంతా ఎందుకంటారేమో. పది లక్షల అంకెలున్నా పోలికలు ఇరవైకి మించవు. నడిమి అంకెతో పోల్చిన ప్రతిసారీ సగం పక్కకు పోతుంది కాబట్టి.

వరుస తప్పిన లిస్ట్ ఇస్తే ఏమవుతుంది? నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. ఎర్రర్ రాదు.

[తెర మీద: [13200, 16800, 11000, 12500, 14000]లో 16800 వెతుకుదాం]

ముందు నడిమి అంకె 11000 చూస్తుంది. మనకు కావలసింది దానికంటే పెద్దది కాబట్టి ఎడమవైపు మొత్తం వదిలేస్తుంది. తర్వాత 14000 చూస్తుంది, అదీ చిన్నదే. చివరికి 5 అంటుంది. 16800 మాత్రం ఇండెక్స్ 1లో అలాగే ఉంది, దాని వంక చూడనే లేదు. ముందుగా లిస్ట్ అంతా వరుసలో ఉందో లేదో చూడాలంటే ప్రతి అంకెనూ తాకాలి, అప్పుడు సగం సగం కోసిన లాభం పోతుంది. అందుకే పైథాన్ ఆ బాధ్యత మనకే వదిలింది.

ఫైల్‌లోంచి చదివిన ధరలను అంకెలుగా మార్చకుండా అక్షరాలుగానే సార్ట్ చేస్తే 12500 ముందొచ్చి 9800 తర్వాత వస్తుంది, ఎందుకంటే మొదటి అక్షరం 1, రెండోదానికి 9. చూడ్డానికి సార్ట్ చేసినట్టే ఉంటుంది. సార్ట్ చేసే ముందు అంకెలుగా మార్చండి.

ఎక్కువ ధర పైన ఉండేలా తిరగేసిన లిస్ట్‌కూ నేరుగా పనికిరాదు. సార్ట్‌కు ఉన్నట్టు రివర్స్ అనే ఆప్షన్ బైసెక్ట్‌కు లేదు.

కొత్త ధరను వరుసలో చేర్చడానికి ఇన్‌సార్ట్ ఉంది. చోటు వెతకడం వేగమే, కానీ ఆ చోటు తర్వాతి అంకెలన్నీ ఒక్కో అడుగు జరగాలి. లాట్లు ఒక్కొక్కటిగా వస్తుంటే బాగుంటుంది. రోజంతటి సరుకు ఒకేసారి ఎక్కిస్తుంటే అన్నీ చేర్చి చివర ఒక్కసారి సార్ట్ చేయడం మేలు.

ఇదంతా సొంతంగా రాసుకోవచ్చు కదా అంటే, జావా ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో, అంటే ఇలాగే సగం సగం కోస్తూ వెతికే కోడ్‌లో, ఏళ్ల తరబడి ఒక తప్పు దాగి ఉండేది. దాన్ని రాసిన జాషువా బ్లాకే 2006లో ఆ సంగతి బయటపెట్టారు. నడిమి ఇండెక్స్ కోసం రెండు కొసలను కూడేటప్పుడు, లిస్ట్ మరీ పెద్దదైతే మొత్తం 32 బిట్‌ల హద్దు దాటి మైనస్‌లోకి వెళ్లేది. పైథాన్ అంకెలకు ఆ హద్దు లేదు. అయినా నాలుగు లైన్ల కోడ్‌లో కూడా తప్పు ఎక్కడ కూర్చుంటుందో చెప్పలేం. ఉన్నదాన్నే వాడండి.

ఇక దుకాణంలో ఉత్త ధరలే ఉండవు, రకం, ధర జంటగా ఉంటాయి. దీనికోసం 2021లో వచ్చిన పైథాన్ 3.10లో, జంటలో దేన్ని పోల్చాలో చెప్పే కీ అనే ఆప్షన్ చేర్చారు.

[తెర మీద: లాట్లు = [("తేజ", 12500), ("బ్యాడిగి", 15000)]]

కీగా ధరను తీసే ఫంక్షన్ ఇస్తాం. బైసెక్ట్_లెఫ్ట్‌కు వెతకాల్సిన విలువగా ఉత్త ధర 15000 ఇవ్వాలి, ఎందుకంటే కీని మనం ఇచ్చిన విలువకు వర్తింపజేయదు. ఇన్‌సార్ట్‌కు మాత్రం రకం, ధర ఉన్న మొత్తం జంటను ఇవ్వాలి. అక్కడ కీ దానికీ వర్తిస్తుంది. ఈ రెండూ తారుమారైతే టైప్ ఎర్రర్ వస్తుంది. అలా వస్తే కీ ఫంక్షన్‌ను తిరగరాసే ముందు, మీరిచ్చింది ధరా, జంటా అన్నది చూడండి.