మలుపులో గాలి మోసం చేసేది కంటినే

అందరికీ నమస్కారం.

హెలికాప్టర్ నేర్చుకునేవాళ్లు తొలి రోజుల్లోనే వినే హెచ్చరిక ఒకటుంది: "ఎదురుగాలి నుంచి గాలివాటుకు తిప్పేటప్పుడు జాగ్రత్త, లిఫ్ట్ (పైకెత్తే బలం) పోతుంది." జాగ్రత్త పడమనడం సరే. చెప్పే కారణమే తప్పు.

ఏటికి ఎదురీదేవాడు ఏటివాలుకు తిరిగినంత మాత్రాన మునిగిపోడు కదా! గాలి నిలకడగా ఉన్నంతసేపూ హెలికాప్టర్‌దీ అదే పరిస్థితి. రోటర్‌కు, అంటే పైన తిరిగే రెక్కలకు, తెలిసేది ఎయిర్‌స్పీడ్ ఒక్కటే, అంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే మన వేగం. నేల కనిపించేది మనకు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఎయిర్‌స్పీడ్ 60 నాట్లు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.), గాలి 20 నాట్లు అనుకుందాం. ఎదురుగాలిలో నేల మీద మన వేగం 40. గాలివాటుకు తిరిగేసరికి 80. తక్కువ ఎత్తులో ఉంటే కింద చెట్లు ఒక్కసారిగా రెట్టింపు వేగంతో వెనక్కి పోతాయి. కంగారులో చెయ్యి తెలియకుండానే సైక్లిక్‌ను, అంటే వేగాన్నీ దిశనూ మార్చే కర్రను, వెనక్కి లాగుతుంది. నేల మళ్లీ 40 నాట్లతో కదులుతున్నట్టు కనిపించేదాకా లాగారా, ఎయిర్‌స్పీడ్ మిగిలేది 20! ముందుకు పోవడం వల్ల రోటర్‌కు అదనంగా అందే లిఫ్ట్ సుమారు 16 నుంచి 24 నాట్ల మధ్యే వస్తుంది, అక్కడే పోతుంది. సరిగ్గా ఆ అంచుకు మనంతట మనమే వచ్చేశాం. పైగా ఇంకా మలుపులోనే ఉన్నాం. 45 డిగ్రీలు పక్కకు ఒరిగిన బ్యాంక్‌లో ఎత్తు తగ్గకుండా తిరగాలంటే రోటర్ మోయాల్సిన బరువు 41 శాతం పెరుగుతుంది. అంత పవర్ ఇంజిన్‌లో లేకపోతే కిందికి దిగిపోవడమే. తర్వాత నింద గాలి మీద పడుతుంది.

గాలికి అసలు పాపం లేదనను. నేలకు దగ్గర్లో, కొండల పక్కన అది నిలకడగా ఉండదు.

హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలిచి, కాలి పెడల్‌తో తిరిగేటప్పుడైతే నేరం నిజంగా గాలిదే. వెనక నుంచి వీస్తే తోకను పట్టి ముక్కును తనవైపు తిప్పేస్తుంది. పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరిగే రోటర్ ఉన్నవాటిలో ఎడమ నుంచి వీచే గాలి ఇంకా చెడ్డది. టెయిల్ రోటర్ (ముక్కు తిరిగిపోకుండా ఆపే తోక రెక్క) తోసే గాలికి ఎదురొచ్చి, దాన్ని దాని సుడిలోనే ఇరికిస్తుంది. ముక్కు కుడికి గిర్రున తిరగడం మొదలైతే ఎడమ పెడల్ పూర్తిగా తొక్కి, సైక్లిక్ ముందుకు తోసి, ఎత్తుంటే కలెక్టివ్ (రోటర్ రెక్కల కోణాన్ని పెంచి తగ్గించే మీట) తగ్గించాలి. ఎత్తుంటే అన్నాను. ఇది ఎక్కువగా జరిగేదే ఆ ఎత్తు లేని చోట.