పదేళ్లా, ఇరవయ్యేళ్లా, ఉరా?

అందరికీ నమస్కారం. అత్యాచారం కేసుల్లో ఎంత శిక్ష పడాలన్నదే ఇవాళ్టి మాట. ఉరి తియ్యాలని నేను అనను, పాపం కుర్రాళ్లు అని వెనకేసుకురావడమూ నా వల్ల కాదు, కాబట్టి ఈ రెంటిలో ఏదో ఒకటి వినడానికి వచ్చినవాళ్లకి కాస్త నిరాశ తప్పదు. ముందే చెప్పేస్తున్నా.

మన దగ్గర ఈ చర్చ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ఘోరం జరుగుతుంది, టీవీల్లో రెండు రోజులు అదే గోల, మూడో రోజుకల్లా 'ఇంకా కోర్టులెందుకు, కాల్చి పారెయ్యండి' అనే మాట వచ్చేస్తుంది. 2019లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం, హత్య కేసులో జరిగింది అదే. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల్నీ కాల్చేశారు, అక్కడికి చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో రిపోర్టు ఇస్తూ పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని తేల్చింది. నన్ను తొలిచే సంగతి ఇంకోటి ఉంది. అసలు ఆ కేసులో విచారణే జరగలేదు. ఆ అమ్మాయికి ఏం జరిగిందో, ఎవరు చేశారో ఏ కోర్టూ సాక్ష్యాలు చూసి చెప్పలేదు. అంటే దేశమంతా 'శిక్ష పడింది' అని సంబరపడిన కేసులో నిజానికి ఎవరికీ శిక్ష పడలేదు.

ఆ వెంటనే డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21. రాష్ట్రపతి ఆమోదం రాలేదు కాబట్టి అది చట్టం కాలేదు, అయినా '21 రోజుల్లో ఉరి' అన్న మాట మాత్రం జనం నోళ్లలో ఉండిపోయింది. ఛార్జిషీటు పడ్డాక రెండు నెలల్లో రేప్ కేసు విచారణ ముగించాలని మామూలు చట్టంలోనే ఎప్పటినుంచో ఉందండీ. రెండు నెలల్లో ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి డీఎన్ఏ రిపోర్టు రావడమే గగనం, ఇక 21 రోజులు ఎక్కడ?

సరే, ఏళ్ల లెక్కకి వద్దాం. 1983కి ముందు అత్యాచారానికి శిక్ష చెప్పే సెక్షన్, అప్పటి శిక్షాస్మృతి ఐపీసీ 376లో కనీస శిక్ష అంటూ లేదు. జడ్జి దయ. 1979లో హర్యానా కేసు ఒకటి సుప్రీంకోర్టుకి వచ్చింది. 22 ఏళ్ల కుర్రాడు పట్టపగలు పక్కింట్లో దూరి అత్యాచారం చేశాడు, నాలుగేళ్ల శిక్షని రెండేళ్లకి తగ్గించారు. తీర్పు రాసింది ఎవరో కాదు, జస్టిస్ కృష్ణయ్యర్. ఖైదీలూ మనుషులేనని ఈ దేశ కోర్టులకి నేర్పిన మనిషి. కుర్రాడి కామవేగం గురించి, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆమె గురించి ఆయన వాడిన విశేషణాలు ఇవాళ చదివితే ఒళ్లు మండుతుంది. అంత మంచి జడ్జి కూడా శిక్ష దగ్గరికొచ్చేసరికి నేరస్తుడి వయసే చూశాడు, అవతల మనిషి ఆయనకి కనబడలేదు.

ఆ రోజుల్లోనే మన హైదరాబాద్‌లో రమీజాబీ. 1978, నల్లకుంట పోలీస్ స్టేషన్. ఆమె మీద స్టేషన్లో అత్యాచారం జరిగింది, రిక్షా తొక్కే ఆమె భర్తని కొట్టి చంపారు, ఊరు అట్టుడికిపోయింది. విచారణకి వేసిన ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కేసు కర్ణాటకకి, రాయచూరుకి బదిలీ అయింది, అక్కడ అందర్నీ వదిలేశారు. మహారాష్ట్రలో మథుర అనే అమ్మాయి మీద స్టేషన్లో జరిగిన అత్యాచారం కేసులోనూ కథ అంతే, ఇద్దరు కానిస్టేబుళ్లని సుప్రీంకోర్టే వదిలేసింది. దాని మీద 1979లో నలుగురు లా ప్రొఫెసర్లు బహిరంగ లేఖ రాశారు, మహిళా సంఘాలు రోడ్డెక్కాయి, 1983లో చట్టం మారింది. కనీసం ఏడేళ్లు. అయితే ఓ చిన్న కిటికీ ఉంచారు, 'తగిన, ప్రత్యేక కారణాలు' ఉంటే జడ్జి తగ్గించొచ్చని. ఆ కిటికీలోంచి రానిది లేదు. పెళ్లి చేసుకున్నాడు, రాజీ పడ్డారు, పాత కేసు, పేదవాడు, వయసు చిన్నది. 2013లో ఆ కిటికీ మూసేశారు. 2018లో ఏడుని పది చేశారు, పదహారేళ్ల లోపు పిల్లలైతే ఇరవై, పన్నెండేళ్ల లోపైతే ఉరిదాకా. ఐపీసీ బదులుగా 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్‌లోనూ కనీసం పదేళ్లే.

మరి శిక్షలు పడుతున్నాయా? దేశంలో నేరాల లెక్కలు తీసే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో విచారణ ముగిసిన రేప్ కేసుల్లో నేరం రుజువైనవి 2019లో నూటికి 28 లోపు. 2022లోనూ అంతే. చట్టంలో అంకె పెరిగింది, కోర్టులో అంకె కదల్లేదు.

ఎందుకు కదల్లేదో చెప్పడానికి ఒక కేసు చూద్దాం. నాగపూర్‌లో పన్నెండేళ్ల పాప. జామకాయ ఇస్తానని ఒకడు ఇంట్లోకి తీసుకెళ్లి ఒంటి మీద చెయ్యేశాడు. పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న చట్టం, పోక్సో కింద కనీసం మూడేళ్లు. 2021 జనవరిలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, బట్టల పైనుంచి తాకాడు, చర్మానికి చర్మం తగల్లేదు కాబట్టి ఇది పోక్సో కిందకి రాదంది, ఏడాది శిక్షతో సరిపోయే ఐపీసీ సెక్షన్ కిందకి దించేసింది. దేశమంతా తిట్టింది, నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి మూడేళ్లూ వేసింది. ఇక్కడిదాకా మీకు తెలిసిందే. ఆ హైకోర్టు తీర్పులో జనం పట్టించుకోని వాక్యం ఒకటుంది. శిక్ష ఇంత కఠినంగా ఉన్నప్పుడు రుజువులూ అంత గట్టిగా ఉండాలి అని ఆ జడ్జి రాశారు. ఆలోచించండి. శిక్ష పెంచితే నేరస్తుడు భయపడతాడని మనం అనుకుంటున్నాం, ఇక్కడ భయపడింది జడ్జి. మూడేళ్లకే ఇలా అయితే ఇరవయ్యేళ్ల సెక్షన్ దగ్గర ఏమవుతుంది? కనీస శిక్ష అనే తాళం వేసేస్తే జడ్జికి మిగిలిన దారి ఒకటే, నేరమే రుజువు కాలేదనడం.

జడ్జికే కాదు, ఇంట్లోవాళ్లకీ అంతే. ఇలాంటి కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు తెలిసినవాడే అని ఏటా ఎన్‌సీఆర్‌బీయే చెబుతోంది. బాబాయి, మేనమామ, ఇంటి ఓనరు, ట్యూషన్ మాస్టారు. పాప తల్లి సంగతి ఊహించండి. 'నువ్వు నోరు విప్పితే వాడికి ఇరవయ్యేళ్లు, నీ చెల్లెలి కాపురం ఏమవుతుంది' అని అత్తగారూ ఆడపడుచూ రోజూ పోరుతుంటే ఎన్ని వాయిదాల వరకూ నిలబడుతుంది? సాక్షి బోనెక్కి 'నాకు గుర్తు లేదు' అంటుంది. పీపీ, అంటే ప్రభుత్వ లాయరు, 'హోస్టైల్' అని, సాక్షి ఎదురు తిరిగిందని రాయించుకుంటాడు. అయిపోయింది. బయట టీవీలో మాత్రం ఉరి మీద డిబేట్ నడుస్తూనే ఉంటుంది.

ఉరి అన్నా కాబట్టి త్వరగా ముగిస్తా. నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో రిపోర్టు ఇచ్చేటప్పటికి ఢిల్లీ రోడ్ల మీద జనం ఇంకా ఉరి అనే అరుస్తున్నారు. అయినా కమిటీ వద్దంది, బతికున్నంత కాలం జైలు చాలంది. అమెరికా సుప్రీంకోర్టు 2008లో పిల్లల మీద అత్యాచారానికి మరణశిక్ష చెల్లదన్నప్పుడు చెప్పిన కారణాల్లో రెండు నాకు బాగా నచ్చుతాయి. ఎలాగూ ఉరే అని తెలిస్తే వాడు పాపని బతకనిచ్చే అవకాశం తగ్గుతుంది, చేసింది ఇంట్లోవాడైతే ఫిర్యాదే రాదు. ఇంతకంటే సూటిగా చెప్పలేం.

మీలో కొందరు గింజుకుంటున్నారు, తెలుస్తోంది. అయితే తగ్గించెయ్యమంటారా అని. లేదండీ. స్పెయిన్‌లో 2022లో మంచి ఉద్దేశంతోనే చట్టం మార్చారు, ఒప్పుకోలు లేకపోతే ఏదైనా అత్యాచారమే అని రెండు రకాల నేరాల్ని ఒకటి చేశారు. ఆ కలపడంలో కొన్ని కనీస శిక్షలు తగ్గాయి. కొత్త చట్టం తేలికైతే పాత ఖైదీకీ వర్తించాలి కదా, వెయ్యి మందికి పైగా శిక్షలు తగ్గాయి, కొందరు బయటికొచ్చారు. ప్రధాని క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది, 2023లో మళ్లీ సవరించుకున్నారు. అమెరికాలో 2016లో స్టాన్‌ఫర్డ్ స్టూడెంటుకి ఆరు నెలల శిక్ష వేసిన జడ్జిని 2018లో ఓటర్లే పదవి నుంచి దింపేశారు. మెత్తదనానికీ ఓ ధర ఉంటుంది. మనకీ తెలుసు, 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు బెయిలిస్తూ బాధితురాలితో రాఖీ కట్టించుకోమని నిందితుడికి షరతు పెట్టింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి సరిపోయింది.

ఇంకో కేసు చెప్పాలి, ఇదైతే నాకే నిద్ర పట్టనివ్వలేదు. పశ్చిమ బెంగాల్‌లో పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతనితో వెళ్లిపోయింది, పోక్సో కోర్టు అతనికి ఇరవయ్యేళ్లు వేసింది. హైకోర్టు వదిలేస్తూ ఆడపిల్లలు కోరికలు అదుపులో పెట్టుకోవాలని ఉపదేశం చేసింది. 2024లో సుప్రీంకోర్టు ఆ ఉపదేశాన్నీ తీర్పునీ కొట్టేసి నేరం నేరమేనంది, ఆ తర్వాత చేసిన పని ముఖ్యం, ఒక కమిటీని వేసి ఆ అమ్మాయి పరిస్థితేమిటో కనుక్కోమంది. అప్పటికి ఆమె పెద్దదైంది, అతనితోనే కాపురం, ఓ బిడ్డ. ఆమెని ఎక్కువ నలిపింది ఆ నేరం కంటే అతన్ని విడిపించడానికి లాయర్ల చుట్టూ, పోలీసుల చుట్టూ తిరగడమేనని కమిటీ తేల్చింది. 2025 మేలో, నేరం రుజువైనా శిక్ష వేయబోమని కోర్టు చెప్పింది, అదీ తన ప్రత్యేక అధికారం వాడి. ఆ తీర్పు సరైందేనా? నేను పూర్తిగా సమాధానపడలేదు. పద్నాలుగేళ్ల పిల్ల, ఇల్లూ ఊరూ వదిలేసిన పిల్ల, వేరే దారి లేకే అక్కడ మిగిలింది కదా అనిపిస్తుంది. కానీ ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, శిక్ష వేసే ముందు ఆమెని అడిగారు.

మన సెషన్స్ కోర్టుల్లో ఆ అడగడమే ఉండదు. నేరం రుజువైందని చెప్పాక శిక్ష మీద వాదన వినాలని చట్టంలో ఉంది. ఎప్పుడైనా వెళ్లి కూర్చోండి. ముద్దాయి లాయరు లేస్తాడు, 'తల్లిదండ్రులు ముసలివాళ్లు, భార్యాపిల్లలున్నారు, ఇతనే ఆధారం, మొదటి తప్పు, దయచూపండి' అంటాడు. పీపీ 'గరిష్ఠ శిక్ష వేయండి' అంటాడు. పది నిమిషాలు. ఆ అమ్మాయి చదువు ఆగిపోయిందా, రాత్రుళ్లు నిద్రపోతోందా, అదే వీధిలో అతని వాళ్ల ఎదురుగా ఉండాల్సొస్తోందా, ఈ సంగతులేవీ ఫైల్లో ఉండవు. ఇంగ్లండ్‌లో శిక్షలకి ఒక గైడ్‌లైన్ ఉంది, రేప్‌కి నాలుగేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల దాకా, ఏ పరిస్థితిలో ఎంతో రాసుంటుంది, జడ్జి దానికి తన కారణాలు చదివి వినిపిస్తాడు, బాధితురాలు కావాలనుకుంటే తన మాటా చెప్పొచ్చు. బాధితుల గోడు వినే పద్ధతి ఉండాలని మన సుప్రీంకోర్టూ 2018లోనే అంది, జిల్లా కోర్టుల దాకా దిగలేదు.

నా పిచ్చి కోరిక ఏమిటంటే, ఆ పది నిమిషాల్ని ఒక పూట చేయండి. ఆమె రాసిచ్చిన కాగితం ఒకటి, ముద్దాయి గురించి ప్రొబేషన్ ఆఫీసరు తెచ్చిన రిపోర్టు ఒకటి జడ్జి టేబుల్ మీద ఉండాలి, ఎందుకు పన్నెండేళ్లు, ఎందుకు ఇరవై కాదో తీర్పులో రాయాలి. అలా రాస్తే ఆ అంకె నాకు తక్కువనిపించినా ఎక్కువనిపించినా దాని మీద అప్పీలుకి వెళ్లడానికి ఓ కారణమైనా దొరుకుతుంది. ఇప్పుడున్న తీర్పుల్లో అది కూడా దొరకదు.

ఇక మీ ప్రశ్నలు. ఉరి కావాలనేవాళ్లు ముందు అడగండి, మైకు అటు పంపిస్తున్నాను.